కదిలే ట్యాంకుకి అమ్మ చెప్పిన రూలు

ఆదివారం మధ్యాహ్నాలు ఒడిశాలో సునాబెడలోని మా క్వార్టరులో, భోజనాల బల్ల మీద యుద్ధం జరుగుతుంది. ఆకుపచ్చ దుప్పటి పరిస్తే మైదానం, దాని కింద పుస్తకాలు దూరిస్తే కొండలు. వేలెడంత బొమ్మ ట్యాంకులు, దూరాలు కొలవడానికి టైలరు టేపు, రెండు పాచికలు. ఎదురుపక్షం పక్క క్వార్టరు ఒడియా మిత్రుడు. ఇద్దరం ఇంజిన్ల ఫ్యాక్టరీలోనే చేస్తాం. ఆయన స్టోర్స్‌లో, నేను తనిఖీలో. వెంట్రుకవాసి తేడా వచ్చినా సరుకు వెనక్కి పంపే మనిషిని కాబట్టి ఆటకి రూల్సు రాసే పని కూడా నేనే మీదేసుకున్నాను.

ఆ నెలంతా మా తగువు ఒక్కదాని మీదే. రెండో ప్రపంచ యుద్ధంలో కొన్ని అమెరికన్ ట్యాంకులకి స్టెబిలైజర్ ఉండేది. ట్యాంకు నడుస్తున్నా ఫిరంగి గొట్టం పైకీ కిందికీ ఊగిపోకుండా పట్టి ఉంచే పరికరం. మా ఆటలో కదులుతూ కాల్చిన ట్యాంకుకి గురి కుదరదని పాచికల మొత్తంలో రెండు తగ్గించేవాళ్లం. స్టెబిలైజర్ ఉన్నదానికి ఒకటి తగ్గిస్తే చాలని రాశాను. దాంతో నా అమెరికన్ ట్యాంకులు బల్లంతా గంతులేస్తూ ఆయనవన్నీ ఊడ్చేశాయి.

"ఇది ట్యాంకా భాయ్, సర్కస్ గుర్రమా?" అన్నాడు మిత్రుడు.

నాకు ఒళ్లు మండింది. పోనీ ఆ రూలు తీసేద్దామంటే, అంత బరువైన పరికరాన్ని వాళ్లు ఊరికే మోసుకు తిరిగారా?

అప్పుడు అమ్మ మా ఇంట్లోనే ఉంది. మా ఊరు గుడారిలో కల్లం దగ్గర జారిపడి తుంటి ఎముక విరిగితే, ఆపరేషన్ చేయించి తీసుకొచ్చాను. వాకర్ లేకుండా గేటు దాకా నడవగలిగితే ఊరికి పంపొచ్చని డాక్టరు అన్నాడు. అమ్మకి ఇక ఆ గేటు తప్ప ధ్యాస లేదు. తన పొలం, తన ఆవు, పక్కింటి వాళ్లతో కబుర్లు, అన్నీ దాని అవతలే ఉన్నాయి.

రోజూ సాయంత్రం మోచెయ్యి పట్టుకుని నడిపించేవాణ్ణి. ఆగమ్మా, రాయుంది. ఆగు, ఊపిరి తీసుకో. ఆగాగు, కుచ్చిళ్లు కాలికింద పడుతున్నాయి. పట్టుమని ముప్పై అడుగులు లేని దారిలో పదిసార్లు ఆపేవాణ్ణి. ఆపిన ప్రతిసారీ అమ్మ తూలేది, నేను హడలిపోయి వాకర్ అందించేవాణ్ణి. నెల దాటినా గేటు అందలేదు.

ఒక ఆదివారం అమ్మ కూడా బల్ల దగ్గర కూర్చుంది. మా అరుపులు విని, "ఏటిరా ఆ గోల?" అంది.

చెప్పాను. ఆడవాళ్లు నెత్తిన నీళ్లబిందె కదలకుండా నడిచినట్టే ఇదీనమ్మా అని విడమరిచాను. ఎంత బాగా చెప్పానో అని లోపల కాస్త మురిసిపోయాను కూడా.

అమ్మ ఫక్కున నవ్వింది. "నువ్వెప్పుడు మోసేవురా బిందె? గెడ్డలో నీళ్లు ముంచి, రెండేసి బిందెలు నెత్తినెట్టుకుని గట్టెక్కీదాన్ని. ఒకే నడకన పోతే సుక్క ఒలకదు. ఎవులైనా పిలిసి ఆపినా, గబుక్కున పక్కకి తిరిగినా, అప్పుడే మీద పడీది."

మిత్రుడు పాచికలు కింద పెట్టేసి, "రాయి భాయ్, రాయి" అన్నాడు.

రాశాను. నెమ్మదిగా, తిన్నగా, ఒకే వేగంతో వెళ్తే ఒకటే తగ్గింపు. ఆ వంతులో బయల్దేరినా, ఆగినా, మళ్లినా రెండూ తగ్గించాల్సిందే. నిలకడగా నడిపితేనే ఆ పరికరం బాగా పనిచేసేదని నేనెప్పుడో చదివాను. చదివి, రూల్సులో పెట్టడం మాత్రం మర్చిపోయాను. ఆ రోజు హాయిగా ఓడిపోయాను.

సాయంత్రం గేటు వైపు బయల్దేరాం. రాయి దగ్గరికి రాగానే 'ఆగు' అని నోటి దాకా వచ్చింది. మింగేశాను. మోచెయ్యి వదిలేసి పక్కనే నడిచాను. అమ్మ మెడ నిటారుగా పెట్టి, చూపు గేటు మీద ఉంచి, ఒకే నడకన వెళ్లిపోయింది. కుచ్చిళ్లు కాలికి తగిలాయి, అయినా తూలలేదు. వెళ్లి గేటు చువ్వ పట్టుకుంది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నేను ఆపడం వల్లే తూలుతున్నావని నీకు తెలుసా అమ్మా?"

"తెలీకేటి."

"మరి ఒక్కసారైనా చెప్పలేదేం?"

అమ్మ నా వైపు చూడలేదు. రోడ్డు మీద పోతున్న బస్సును చూస్తూ, "నువ్వు అన్నిసార్లు ఆపుతుంటే, ఎల్లొద్దంతన్నావనుకున్నాన్రా" అంది.

ఆ నెలంతా నా మనసులో ఉన్నది అదే. నాకే తెలియలేదు.

మర్నాడు డ్యూటీ నుంచి వస్తూ గుడారి వెళ్లే బస్సుల టైములు కనుక్కొచ్చాను.