ఇంటికో భాగం

ఉప్పల్ మెట్రో కింద పాత పుస్తకాల బండి దగ్గర ఒక పుస్తకం వాసన చూశానో లేదో, నాచారంలోని మా కాలనీ మొత్తం గుప్పున లేచి వచ్చింది.

అప్పట్లో కాలనీకంతటికీ ఒకటే నవల. బీడుపడ్డ ఊళ్లో జనం కలిసి మొక్కలు నాటిన కథ. దానికోసం జరిగే యుద్ధాలు చూడలేక, బట్టలు కుట్టే యాదమ్మత్త దాని కుట్లు విప్పి ఇంటికో భాగం పంచింది. ఆదివారం ఆదివారం మార్చుకునేవాళ్లం. ఇంతలో చివరి భాగం ఉన్నవాళ్లు నారపల్లికి ఇల్లు మారారు. ఊరు పచ్చబడిందో లేదో ఎవరికీ తెలియలేదు.

చదివేవాళ్లు లేక ఆ మొక్కలు ఎండిపోతున్నాయని నేను మూసీ పొంగేంత ఏడ్చాను.

"అవి బతుకుతయా అత్తా?"

"నాకేం ఎరుకరా? మనమే పెట్టి సూద్దాం. గడ్డపార దే."

కాలనీ అంతా కదిలి ఖాళీ జాగాలో కానుగలు నాటింది. ఇంటింటి నుంచీ బియ్యం కడిగిన నీళ్లు మోశాం. నా చెంబెడు నీళ్లకే అవి ఆకాశాన్ని అంటాయని ఇప్పటికీ నా వాదన.

పెద్దయ్యాక తెలిసింది, ఆ భాగం వారానికే తిరిగొచ్చిందట. అత్తే కుట్టుమిషను సొరుగులో దాచింది.

"ఎందుకియ్యలే?" అని అడిగాను.

"ఇస్తే సదివి పండుకుందురు. నువ్వు అందరికన్నా ముందు."

అత్త పోయాక, నన్ను సోమరిపోతని అంత ప్రేమగా తిట్టినవాళ్లు మళ్లీ దొరకలేదు.