నాలుగు లావు తీగలు, ఒక కదిలే బండ

ఆ రోజుల్లో మా కోవూరులో గిటారు పట్టుకుని రోడ్డు మీద నడిస్తే పిల్లలు వెంటబడేవాళ్ళు. నా వెంట మాత్రం ఎవరూ పడలేదు. ఎందుకంటే నేను పట్టుకున్నది బేస్ గిటారు. మామూలు గిటారుకు ఆరు తీగలుంటే దీనికి నాలుగే, అవీ లావుపాటివి. మామూలు గిటారు పాటతో పాటు పాడుతుంది, ఇది పాట కింద ఉండి మోస్తుంది. ఈ సంగతి అడిగినవాళ్ళకల్లా విడమరిచి చెప్పేవాణ్ణి. (నిజం చెప్పాలంటే ఎవరూ అడగలేదు. "మిగతా రెండు తీగలు తెగిపోయినాయా అన్నా?" అని మాత్రం అడిగేవాళ్ళు.) ఇప్పుడు నేను కృష్ణపట్నం దగ్గర కరెంటు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేస్తూ, జుట్టు సగం ఊడగొట్టుకుని, బతుకు మీద పెద్ద ఆశలేమీ లేకుండా కాలక్షేపం చేస్తున్నాను. అయినా మా చర్చి కుర్రాళ్ళు అప్పుడప్పుడు ఫోన్ చేసి "అన్నా, బేస్‌కు ఎట్టాంటి ఆంప్లిఫయరు కొనమంటావు?" అని అడుగుతారు. నేను ఆంప్లిఫయరుతో మొదలుపెట్టి మా అమ్మ దగ్గర తేలతాను. పాపం వాళ్ళు మర్యాదగా చివరిదాకా విని, ఆ తర్వాత వీడియోలు చూసి వాళ్ళకు నచ్చింది కొనుక్కుంటారు.

మా అమ్మ ఇంట్లో మిషను కుట్టేది. ఊళ్ళో ఆడవాళ్ళ జాకెట్లన్నీ ఆమె కాలి కిందనుంచి రావలసిందే. ఆదివారం చర్చిలో ఆడవాళ్ళ వైపు, గోడవారగా ఆమెకొక చోటుండేది, ఆ గోడ అవతలే చర్చి జనరేటరు. అక్కడ పరిచిన కడప బండల్లో ఒకటి కింద మట్టి కుంగి, కాలు పెడితే చాలు కదిలేది. ఆ బండ మీద ఇంకెవరూ కూర్చునేవాళ్ళు కాదు. మా అమ్మకు అదే ఇష్టం, ఆడ గాలి బాగా వస్తుందని. పాట ఎత్తుకునేది ఎప్పుడూ ఆమే. పాస్టరు అయ్యగారు పాట పేరు చెప్పీ చెప్పకముందే లేచి నిలబడి మొదలుపెట్టేది, మైకు అక్కర్లేని గొంతు. అట్టాంటి ఆమె కడుపున, మైకు పెట్టినా వినపడని వాయిద్యం వాయించే నేను పుట్టాను.

నేను బేస్ వాయించడం కూడా ఏదో కల కని చేసిన పని కాదు. మా చర్చిలో కీబోర్డు వాయించే అన్న ఒక బ్యాండు కడతానన్నాడు. నేను మొదటి ప్రాక్టీసుకు ఆలస్యంగా పోయాను. డ్రమ్ములు మా బావ పట్టేసినాడు, గిటారు ఇంకొకడు పట్టేసినాడు, మూలన ఇది మిగిలింది. "నీ వేళ్ళు లావు గదరా, నీకు ఇదే సరిపోద్ది" అన్నాడు కీబోర్డు అన్న. తొలి ఆదివారం వాయించి ఇంటికొచ్చి, అన్నం ముందు కూర్చుని అమ్మ ఏమంటుందా అని చూశాను. పప్పు వడ్డిస్తూ అన్నది కదా, "అందరూ వాయిస్తా ఉంటే నువ్వొక్కడివే అట్ట పొట్ట గోక్కుంటా నిలబడతావేందిరా? అయ్యగారి ముందర బాగుంటుందా?" వాయించానమ్మా అంటే, "ఏదీ, నాకు ఇనపళ్ళా" అన్నది. పెద్ద స్టేజీలూ, చప్పట్లూ నాకేమీ వద్దు, మా అమ్మ ఒక్కసారి నా వాయిద్యం విని "ఇది నా కొడుకు వాయించిందే" అంటే చాలు అనిపించింది. ఆ ఒక్క మాట కోసం నేను పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు.

మొదటి పాటు, గొట్టాల మైకు. మా ఊళ్ళో పెళ్ళికీ, చావుకీ, ఎలక్షన్లకీ, చర్చికీ ఒకటే మైకుసెట్టు. దాని యజమానిని అందరం సౌండు మామ అనేవాళ్ళం. ఆయన ఆంప్లిఫయరుకు నా వైరు తగిలిస్తే, పైన కట్టిన గొట్టంలోంచి కప్ప దగ్గినట్టు ఏదో వచ్చింది. గొట్టం మనిషి మాటను పొలాల దాకా మోస్తుంది గానీ లోతైన నాదాన్ని మొయ్యదు, దానికి వెడల్పాటి స్పీకరున్న పెట్టె కావాలి. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. సౌండు మామ మాత్రం అప్పుడే తేల్చేసినాడు, "మన మైకులో లోపమేమీ లేదబ్బయా, నీ గిటార్లోనే సౌండు లేదు" అని. రెండో పాటు, కీబోర్డు అన్న లేనప్పుడు ఆయన చిన్న ఆంప్లిఫయరులో నా గిటారు పెట్టి, శబ్దం మొత్తం పెంచి, అన్నిటికన్నా లావైన అడుగు తీగ లాగడం. లోపలి స్పీకరు కాగితం పర్రున చిరిగింది. (కుర్రాళ్ళూ, ఇది మటుకు రాసిపెట్టుకోండి. కీబోర్డు కోసం చేసిన చిన్న డబ్బాలో బేస్ పెట్టొద్దు. పెడితే ఆ అన్నతో చాన్నాళ్ళు మాటలుండవు.)

ఇక ఉప్పుగాలి సంగతి. మా వైపు సముద్రపు గాలికి కిటికీ చువ్వలే తుప్పు పడతాయి, తీగలొక లెక్కా? రెండు నెలలకు మూగబోయేవి. మద్రాసులో ఒక వాయిద్యాల కొట్టాయన, "తీగలు విప్పి నీళ్ళలో ఉడకబెట్టు, కొన్నాళ్ళు మళ్ళీ పలుకుతాయి" అన్నాడు. నిజంగానే పలుకుతాయి, మీరూ చేసుకోవచ్చు, కాకపోతే విడిగా ఒక గిన్నె పెట్టుకోండి. నేను అమ్మ రసం గిన్నెలో వేశాను. అమ్మ మూత తీసి చూసి, "దేవా! ఏందిరా ఇది, సేమ్యాలా?" అని అరిచింది. ఎంత తోమినా ఆ మర్నాటి రసంలో ఇనుము వాసన పోలేదు. నాయన మాత్రం రెండోసారి పోయించుకుని "ఇయ్యాల రసంలో ఏదో పస ఉండాదే" అన్నాడు. ఆ మద్రాసు కొట్టులోనే బేస్ కోసం చేసిన పాత ఆంప్లిఫయరొకటి దొరికితే బస్సులో తెచ్చుకున్నాను. కండక్టరు దాన్ని చుట్టూ తిరిగి చూసి, "ఏందబ్బా ఇది, ఫ్రిజ్జా? దీనికీ టికెట్టు కొట్టాల" అన్నాడు. పాటలు వాయించేది అన్నా, అంటే నమ్మలేదు. టికెట్టు కొట్టినాడు.

ఆ ఆంప్లిఫయరు మొదటిసారి ఎక్కింది సముద్రం ఒడ్డున ఒక పల్లెలో జరిగిన సువార్త కూటాల స్టేజి. స్టేజి అంటే ఇసకలో పరిచిన నాలుగు బల్లలు, పక్కన హోరెత్తే జనరేటరు. నన్ను వినడానికనే మా అమ్మ ఆడవాళ్ళనందరినీ ఆటో ఎక్కించుకుని వచ్చి ముందు వరసలో చాప మీద కూర్చుంది. ఆరుబయట బేస్ శబ్దానికి ఆనడానికి గోడంటూ ఉండదు, గాలిలో కలిసిపోతుంది. దానికితోడు బల్లల మీద చోటు చాలక నా డబ్బాను ఇసకలో దించినారు, నన్నూ దించినారు. దేవుని పాటలు గదా, చెప్పులు విప్పి వాయించడం మా ఆచారం. తడి ఇసక, ఒట్టి కాళ్ళు, ఎర్తు సరిగా లేని వైరు. మూడో పాట మధ్యలో నా తీగలోంచి కరెంటు కొట్టింది చూడండి, అమాంతం ఎగిరి పడ్డాను. ముందు వరస ఆడవాళ్ళు నన్ను పరిశుద్ధాత్మ తాకిందనుకుని చేతులెత్తి "స్తోత్రం, స్తోత్రం" అన్నారు. నేను ఇంకోసారి ఎగిరాను. స్తోత్రాలు ఎక్కువైనాయి. (అందుకే చెప్పేది, ఎర్తు చూసుకోకుండా తీగ మీద చెయ్యి వెయ్యొద్దు. కాళ్ళ కింద రబ్బరు పట్టా వేసుకోండి, అది దేవుడికి అభ్యంతరం కాదు.) తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అమ్మనడిగాను, ఇనపడిందా అని. "ఎగిరినావు చూడు, అది బాగుండింది" అన్నది. గిటారో అంటే, "ఆ జనరేటరు గోలలో ఏం ఇనపడుద్దిలేరా" అన్నది. ఏడుపొచ్చినంత పనైంది.

కీబోర్డు అన్నకు కోపం తగ్గి, ఒక మంచి మాట చెప్పినాడు. "గది మధ్యలో పెట్టొద్దురా, మూలకు నెట్టు, రెండు గోడలూ కలిసి శబ్దాన్ని పెంచుతాయి." చర్చిలో ఖాళీగా ఉన్న మూల ఆడవాళ్ళ వైపుదే. అక్కడికి నెట్టాను. ఆ ఆదివారం నుంచి నా వాయిద్యం నాకే కడుపులో తెలిసేది. డ్రమ్ముల బావ సైతం "ఇప్పుడు ఊపొచ్చిందిరా" అన్నాడు. అమ్మ మాత్రం అదే మాట. "ఏమోరా, నాకైతే నీ గిటారు ఇనపళ్ళా. ఈమధ్య పాట మటుకు భలే కుదురుతా ఉండాది, నా గొంతే బాగుపడినట్టుంది." అల్లం రసం తాగుతున్నానులే, అందుకని కూడా అన్నది. నాయుడుపేటలో పెళ్ళికి వాయించడానికి పోయి నేను చర్చి మానిన ఆదివారం, ఇంటికొచ్చేసరికి అమ్మ మొహం ముడుచుకుని కూర్చుని ఉంది. పాట రెండుసార్లు జారిపోయిందట, శ్రుతి దొరకలేదట. "వయసు మీద పడతా ఉండాది" అని వేడినీళ్ళతో పుక్కిలించుకుంది. నేను కూడా అల్లం అయిపోయిందేమో అనుకున్నాను, అంత తెలివైనవాణ్ణి.

ఆ తర్వాత నవ్వుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. అమ్మకు ఆయాసం మొదలైంది. నెల్లూరు ఆసుపత్రిలో గుండె పెద్దదైందన్నారు, మిషను తొక్కొద్దన్నారు, గొంతెత్తి పాడొద్దన్నారు. చర్చికి నడవలేకపోయింది. నడిమింట్లో మంచం వేసుకుని, ఆదివారం పొద్దున దూరంనుంచి వచ్చే గొట్టం మైకు వైపు చెవి పెట్టేది. అందులో నేను ఎట్టాగూ ఉండను. ఇంక ఈమె నన్ను వినకుండానే పోతుందా అన్న దిగులు నన్ను తినేసింది. ఒక సాయంత్రం ఆటోలో ఆంప్లిఫయరు ఇంటికి తెచ్చేశాను. కీబోర్డు అన్న చెప్పినట్టే మూలకు నెట్టాను. మా నడిమింటి మూలలో ఉన్నది అమ్మ గిన్నెల స్టాండు. నాకు ఆ ఆలోచనే తట్టలేదు. అడుగు తీగ లాగాను. గ్లాసులు, పళ్ళేలు, గరిటెలు, ఆ రసం గిన్నెతో సహా ఒక్కసారిగా గణగణమన్నాయి. "ఆపరా నాయనా! గిన్నెలన్నీ పడతాయి!" అని కేకేసి, పట్టుకోబోయి అమ్మ మంచం మీదనుంచి కాళ్ళు కిందకు దించింది.

దించి, అట్టనే ఆగిపోయింది. నేను భయపడిపోయి తీగ వదిలేశాను. "కాదు, వాయించు" అన్నది. వాయించాను. ఆమె గిన్నెల వంక చూడలేదు, తన పాదాల వంక చూసుకుంది. "ఇదా?" అన్నది. "చర్చిలో నా బండ కింద ఉండేది ఇదా? కాళ్ళల్లోంచి ఎక్కతా ఉండేదే... అది నువ్వా?" నేను అడుగు తీగ మళ్ళీ లాగాను. "జనరేటరు అనుకున్నా గదరా ఇన్నాళ్ళూ" అని నవ్వింది, నవ్వితే ఆయాసం వచ్చింది, ఆయాసంలోనే మళ్ళీ నవ్వింది. "దాన్ని పట్టుకునే గదరా నేను పాట ఎత్తుకునేదాన్ని. అది లేని రోజు నాకు పాట నిలిచేది కాదు." ఆ సాయంత్రం ఆమె డాక్టరు మాట వినలేదు. మంచం మీద కూర్చుని, మిషను తొక్కినట్టు పాదాలు ఆడిస్తూ, సన్నగా ఒక పాట మొత్తం పాడింది. గిన్నెలన్నీ మోగుతూనే ఉన్నాయి. నాయన వాకిట్లోనే నిలబడిపోయినాడు, లోపలికి రాలేదు.

ఆ ఏడు వానలు వెలిసేలోపలే అమ్మ పోయింది. పోయినవాళ్ళ ఇంటివాళ్ళను ఓదార్చే ఆదరణ కూడిక చర్చిలోనే పెట్టినారు. ఇంటివాళ్ళం కాబట్టి మమ్మల్ని వాయిద్యాల దగ్గర కాకుండా జనంలో కూర్చోబెట్టినారు, చోటు లేక నేను పోయి పోయి అమ్మ బండ మీద కూర్చున్నాను. అన్నాళ్ళు ఆ చర్చిలో వాయించి, ఆ బండ మీద ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు నేను. ఎవరో పిన్ని పాట ఎత్తుకుంది, అందరం లేచాం. బేస్ గిటారు గోడకు ఆనించి ఉంది, వాయించేవాణ్ణి నేనే గదా, నేను ఈడ ఉన్నాను. పాట మొదలైంది గానీ కాళ్ళ కింద ఏమీ లేదు. ఒట్టి చల్లటి బండ. రెండో చరణానికి పాట జారిపోయింది, అందరూ ఏడుపులో ఎట్టాగో గట్టెక్కించినారు. కీబోర్డు అన్న నా వైపు చూసి రమ్మన్నట్టు తలూపినాడు, కానీ నేను ఆ బండ దిగలేదు.

ఇప్పుడు ప్లాంటులో నేను పనిచేసేది అచ్చంగా జనరేటర్ల దగ్గరే. అమ్మ మాట అట్టా నిజమైందని ఒక్కోసారి అనుకుంటాను. షిఫ్టు దిగి కంపెనీ బస్సెక్కి, బూట్లు విప్పేసి కాళ్ళు కింద ఆనించుకుంటాను. బస్సు నేల అదురు నా అడుగు తీగ శ్రుతికి ఒక పిసరు కిందగా పలుకుతుంది. దాని మీద అమ్మ పాట ఎత్తుకుంటాను. నా గొంతు అధ్వానం, ఆ సంగతి నాకు తెలుసు. పక్క సీటులో కొత్తగా చేరిన తమ్ముడు మొన్న ఉండబట్టలేక అడిగినాడు, "ఏందన్నా, వాయిద్యమేమీ లేకుండా ఒట్టిగా పాడుకుంటా ఉండావు?" అని. "కింద ఉండాది గదా, కాలు పెట్టి చూడు" అన్నాను. పెట్టి చూసి, నా మీద జాలిపడి, "అది ఇంజనన్నా" అన్నాడు. నాకు నవ్వాగలేదు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, "మా అమ్మా అట్టనే అన్నదిలే సామీ" అని మళ్ళీ పాట ఎత్తుకున్నాను.