గుంటల మేస్త్రి పగ

వాన పడితే సంతోషించే గడ్డి మేస్త్రి లోకంలో ఒక్కడే ఉంటాడేమో. ఇంటి పెరట్లో నేల చదును చేసి ప్లాస్టిక్ గడ్డి పరిచేవాళ్ళెవరైనా మబ్బు పట్టగానే ఆకాశాన్ని తిట్టుకుంటూ పనిముట్లు సర్దుకుంటారు. ఇతను మాత్రం వాన వెలియగానే మోటార్ సైకిల్ తీసి సముద్రపు ఒడ్డు వీధులన్నీ ఒక చుట్టు చుట్టి వచ్చేవాడు, తన తోడల్లుడు గడ్డి పరిచిన ఇళ్ళలో ఎక్కడ నేల కుంగిందో చూసి కళ్ళు చల్లబరచుకోవడానికి.

కుంగితే గేటు దగ్గర ఆగి ఇంటివాళ్ళను ప్రేమగా పలకరించేవాడు. కుంగకపోయినా ఊరికే పోయేవాడు కాదు. ఇంకో వాన పడనివ్వండి, అప్పుడు చూద్దురుగాని అని ఒక పుల్ల వేసి వచ్చేవాడు. అలా ఒక్కొక్క ఇంటినే తోడల్లుడికి దూరం చేశాడు. పాపం అనిపించలేదా అంటే, లేదు. కడుపు మండుతున్నవాడికి పాపపుణ్యాల లెక్క తెలియదు.

ఒకప్పుడు ఇద్దరూ కలిసే పని చేసేవారు. అక్కను మేస్త్రి చేసుకున్నాడు, చెల్లెల్ని తోడల్లుడు చేసుకున్నాడు. ఒకే గునపం, ఒకే బండి. ఆ ఒడ్డున ఎక్కడ తవ్వినా ఇసుకే. ఇసుకే కదా, ఎన్ని నీళ్ళయినా అదే తాగేస్తుంది అని అందరూ అనేవారు. ఆ మాట వింటే మేస్త్రికి ఒళ్ళు మండేది.

"తాగుతుంది, కాదన్నదెవరు? తాగినవాడు ఉన్నచోట నిలబడతాడా?" అనేవాడు.

నీళ్ళు కిందికి దిగేటప్పుడు ఇసుకను కూడా వెంటబెట్టుకుని పోతాయి. అందుకని అతను జానెడు లోతు తవ్వి, నీళ్ళను వదిలి ఇసుకను ఆపే గుడ్డ పరిచేవాడు. దాని మీద కంకర పోయించి, దిమ్మిసతో కొట్టించి, ఒక పక్కన చిల్లుల పైపు వాటంగా వేయించేవాడు. ఇదంతా అయితే గానీ గడ్డి చుట్ట విప్పేవాడు కాదు. చాదస్తం అనేవాళ్ళు అననీ, అతను వేసిన పెరడు ఒక్కటీ కుంగలేదు.

పళ్ళ డాక్టరమ్మ ఇంట్లో తవ్వకం పూర్తయి కంకర రావలసి ఉండగా మేస్త్రికి కామెర్లు వచ్చాయి. మంచం దిగలేని స్థితి. మిగతా పని తోడల్లుడు చేయించాడు. మొదటి పెద్ద వానకే ఆ పెరడు నులక వదులైన మంచంలా కుంగింది. డాక్టరమ్మ కాలు మడతపడి అందులోనే పడింది. గడ్డి ఎత్తి చూస్తే కింద గుడ్డా లేదు, కంకరా లేదు. ఇదెవరి నిర్వాకం అని ఆవిడ అడిగితే, లెవెలంతా మా అన్నయ్యదేనండీ అన్నాడట తోడల్లుడు, తల దించుకుని.

దాంతో గడ్డి మేస్త్రి కాస్తా గుంటల మేస్త్రి అయిపోయాడు. కూరగాయల కొట్లోనూ అదే పేరు, మంగలి షాపులోనూ అదే పేరు. పిలిచి పని ఇచ్చేవాడు లేడు. వెన్నుపోటు పొడిచినవాడి చేతే నిజం కక్కిస్తానని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు.

కాలం కలిసొచ్చింది. పక్కింటివాళ్ళు మెరక వేసుకోవడంతో నీళ్ళన్నీ తోడల్లుడి సొంత పెరట్లోకి తిరిగాయి. పునాది పక్క ఇసుక జారిపోయి వెనక గది గోడ నిలువునా చీలింది. కూలీలు ఎవరూ మిగల్లేదు. వాళ్ళను చెదరగొట్టిన పుణ్యం కూడా మేస్త్రిదే. గోడ పడేలోగా నువ్వే వచ్చి ఆదుకోవాలని తోడల్లుడు గుమ్మంలో నిలబడి బతిమాలాడు. మేస్త్రి అతన్ని కూర్చోమనలేదు.

"డాక్టరమ్మను పిలిపించు. ఆ రోజు పని ఎవరు పాడుచేశారో ఆవిడ ముందు నీ నోటితో చెప్పు. తర్వాతే గునపం పడతా."

తోడల్లుడు వంటింటి వైపు ఒకసారి చూసి, సరే అన్నాడు.

పనికి వెళ్ళే రోజు మేస్త్రి నున్నగా గడ్డం గీసుకుని ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పనికి ఎవరైనా ఇస్త్రీ చొక్కా వేసుకుంటారా? చెల్లెల్ని చూసొస్తానని భార్య కూడా వెంట బయల్దేరింది. డాక్టరమ్మ ఇంకా రాలేదు. చీలిన గోడ పక్కన ముగ్గురూ నిలబడి ఉండగా భార్య నోరు విప్పింది.

"మరిదిని చెప్పమనకండి. ఆ రోజు పరిచెయ్యమన్నది నేనే."

మేస్త్రికి వెంటనే అర్థం కాలేదు. ఆమే చెప్పుకుపోయింది. కంకర లారీ రాలేదు. సాయంత్రానికి కాకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానని డాక్టరమ్మ కబురు పెట్టింది.

"మీరు పడుకుంటే పని ఆగిపోయిందని నలుగురూ అనకూడదనుకున్నా. ఇసుకే కదా, తాగేస్తుందిలే అన్నా. మరిది వద్దనే అన్నాడు. నేనే వినలేదు."

"నీకు చెప్పొద్దని వదిన ఒట్టు వేయించుకుంది, అన్నయ్యా," అన్నాడు తోడల్లుడు.

ఇన్నేళ్ళూ అన్నం ముందు కూర్చుని మేస్త్రి తిట్టని తిట్టు లేదు. ఆ పని చేసినవాడి నోట్లో మన్ను పడ, వాడి చేతులు పడిపోను అని ముద్ద ముద్దకీ శపించేవాడు. పక్కనే నిలబడి ఆమె ఇంకాస్త వడ్డిస్తూ, తినండి, చల్లారిపోతుంది అనేది. అది తలుచుకుంటే అతనికి జాలి కలగలేదు. తోడల్లుడి పొట్ట కొట్టినందుకు సిగ్గు కూడా తర్వాత సంగతి. ముందు ఒళ్ళంతా కోపం పాకింది.

అంతలో డాక్టరమ్మ గేటు తీసుకుని వచ్చింది, ఏదో చెప్పాలన్నారట ఏమిటని. తోడల్లుడు గొంతు సవరించుకున్నాడు. మేస్త్రి నోరు మూసుకుని ఉంటే చాలు, పోయిన పేరు తిరిగొస్తుంది. కానీ అప్పుడు ఆ గుంటల పేరు కొట్టు కొట్టుకీ భార్య వెనక పడుతుంది.

"అప్పటి తప్పు నాదేనండీ. మా తమ్ముడిది కాదు," అన్నాడు.

"అది నాకు తెలిసిందేగా. దీనికోసమా పిలిపించారు?" అని ఆవిడ వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

మేస్త్రి ఇస్త్రీ చొక్కా విప్పి ప్రహరీ మీద పడేసి గునపం అందుకున్నాడు. గోడ పొడవునా కాలువ తవ్వి, గుడ్డ పరిచి, కంకర పోసి, పైపు వేశాడు. పనిలో ఏ లోటూ చేయలేదు. మరదలు కృతజ్ఞతగా ఏదో అనబోతే వినిపించుకోలేదు.

ఆ రాత్రి నుంచి భార్యను వడ్డించనివ్వలేదు. గిన్నె దగ్గరికి తనే వెళ్ళి పెట్టుకునేవాడు, ఒక్క మాటా లేకుండా తిని లేచేవాడు. ఎదురుగా కూర్చున్న ఆమెకు, ఒక్కసారి ఆ పాత తిట్లే తిడితే బాగుండునని ఉండేది.