పూర్ణం లేని బూరెలు

ఈ సాయంత్రం పక్కింటి హవాయి ఆంటీ పళ్ళెం నిండా వేడి వేడి మలసాడాలు తెచ్చిచ్చింది. పులిసిన పిండిని ఉండలుగా నూనెలో వేయించి, పంచదారలో దొర్లిస్తారు. తణుకు నుంచి వచ్చి మా దగ్గరుంటున్న అత్తగారు ఒకటి తుంచి లోపలికి చూశారు.

“బాగానే పొంగాయి గానీ, పూర్ణం పెట్టడం మర్చిపోయింది పాపం. కనుక్కో అమ్మాయ్.”

అడగక తప్పలేదు. ఆంటీ పగలబడి నవ్వింది. అవి అలాగే ఉంటాయట. ఆవిడ ముత్తాతలు పోర్చుగల్ దీవుల నుంచి హవాయి చెరకు తోటల్లో పనికొచ్చినప్పుడు వెంట తెచ్చుకున్న వంట అట. రేపటి నుంచి ఈస్టర్ ఉపవాసాలు కాబట్టి, ఇంట్లో ఉన్న కొవ్వూ పంచదారా ఈ రోజే వండేసి ఇరుగుపొరుగుకి పంచేస్తారట.

ఆవిడ వెళ్ళాక అదంతా తెలుగులో చెప్పాను. మొన్న శివరాత్రికి మంచినీళ్ళు కూడా ముట్టని మా అత్తగారు రెండోది అందుకున్నారు.

“ముందు తినేసి, తర్వాత ఉపవాసమా? ఇన్నేళ్ళూ మనమే తిరగేసి చేశామే!”

ఖాళీ పళ్ళెం తిరిగివ్వకూడదు కదా, వెంటనే బూరెలన్నారు. ఫ్రిజ్‌లో దోసెల పిండి ఉండనే ఉంది.

“రేపు ఆవిడకి ఉపవాసం, అత్తయ్యగారూ.”

“అయితే శనగపప్పు కుక్కర్‌లో పడెయ్. ఈ రోజు ఇంకా అయిపోలేదుగా!”

పూర్ణం చల్లారేలోగా ఇది పోస్ట్ చేస్తున్నాను. ఉపవాసం ముందా, బూరె ముందా? మీ పెద్దవాళ్ళని అడిగి చెప్పండి. మా ఇంట్లో మాత్రం తీర్పు అయిపోయింది. పళ్ళెంలో ఒక్క మలసాడా మిగల్లేదు.