ఉస్తాద్ జబాన్, నా ఇంటర్‌కూలర్

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఏ యంత్రానికి ఏ జబ్బు చేసినా, ఉన్నదాని స్థానంలో దానికంటే పెద్దది బిగిస్తే నయమైపోతుందని. (పదిమందికి వండగల కుక్కరు కొనుక్కుని, అందులో ఒక్కర్తినే గుప్పెడు పప్పు ఉడికించుకునేదాన్ని.) భీమవరంలో ఇంజనీరింగ్ పూర్తిచేసి, కృష్ణానగర్‌లో ఇరుకు గదిలో దిగి, షేక్‌పేటలో ఒక కార్ల షెడ్డులో పనికి కుదిరాను. షెడ్డు యజమానిని అందరూ ఉస్తాద్ అనేవారు. సినిమాల్లో పరుగెత్తే కార్లు ఎన్నో ఏళ్ళుగా ఆయన చేతిమీదుగానే వెళ్ళేవి. ఆయన చదివింది ఐదో తరగతి. ఆ సంగతి నేను ఒక్కరోజు కూడా మరిచిపోలేదు, అదీ నా పొగరు.

ఫిల్మ్‌నగర్ వెనక ఏటవాలు రోడ్డులో షూటింగ్. హీరోగారి టర్బో స్పోర్ట్స్ కారు కింది మలుపు నుంచి పై మలుపు దాకా ఒక్క ఊపున ఎక్కాలి. మొదటి రోజు రెండు టేకులు బాగానే ఎక్కింది. మూడో టేకుకి ఆయాసం మొదలైంది. టర్బో గాలిని నొక్కి ఇంజనులోకి తోస్తుంది. నొక్కిన గాలి వేడెక్కుతుంది. ఎదురుగాలితో దాన్ని చల్లార్చి పంపడానికి కారు ముక్కు దగ్గర ఇంటర్‌కూలర్ అనే పెట్టె ఉంటుంది. అదే కాగిపోతే ఇంజను తన ప్రాణం కాపాడుకోవడానికి జోరు తగ్గించుకుంటుంది. "టేకుకూ టేకుకూ నడుమ జర దమ్ము తీసుకోనియ్యుండ్రి, గంతే," అన్నారు ఉస్తాద్. నేను ఊరుకుంటేనా? ప్రొడక్షన్ మేనేజరు గారి ముందే, "కంపెనీ ఇచ్చింది చిన్నదండీ. బయట దొరికే పెద్దది వేస్తే వరసపెట్టి ఇరవై టేకులు తీసుకోవచ్చు," అనేశాను. ఆయన నన్ను వదిలేసి ఉస్తాద్ వైపు తిరిగారు. "ఎల్లుండి పన్నెండింటి దాకానే రోడ్డు పర్మిషన్. అప్పుడు కూడా బండి ఆగిందంటే మీ షెడ్డుకీ మాకూ చెల్లు. ఈ అమ్మాయి మాట నమ్మొచ్చా?" ఉస్తాద్ చేతులు తుడుచుకుంటూ నన్ను చూశారు. "బిడ్డ సదువుకున్నది. నా జబాన్," అన్నారు.

జబాన్ అంటే ఆయన ఇచ్చిన మాట, దాని బరువెంతో నాకప్పుడు తెలియలేదు. మర్నాడంతా కూర్చుని పెద్ద ఇంటర్‌కూలర్ బిగించాను. ముందు జాలీలోంచి అది స్టీలు సామాన్ల కొట్టులా తళతళలాడింది. షూటింగ్ రోజు పొద్దున్నే కెమెరా అసిస్టెంటు వచ్చి, "మేడమ్, లోపల ఏదో మెరిసి లెన్సులో కొడుతోంది. మొన్నటి షాట్‌లో ఇది లేదు, కంటిన్యుటీ పోతుంది," అన్నాడు. నన్ను మేడమ్ అన్న మొదటి మనిషి అతనే. (ఆ పిలుపు కోసం అవసరమైతే కారుకి దుప్పటి కూడా కప్పేదాన్ని.) లైట్‌మెన్ వెలుగు అడ్డుకోవడానికి వాడే మందపాటి నల్ల గుడ్డ తెప్పించి, ఇంటర్‌కూలర్‌కి నిండా పరిచి, ఎక్కడా ముడత లేకుండా నా చేతులతో నేనే కట్టాను. "సూపర్ మేడమ్," అన్నాడు. మురిసిపోయాను.

మొదటి టేకు ఎక్కింది. రెండో టేకులో సగం దారిలోనే కారు మూలిగి నీరసపడింది. పాత ఇంటర్‌కూలరే నయమనిపించింది. డైరెక్టరు గారు టోపీ తీసి కుర్చీకేసి కొట్టారు. పదకొండు కావస్తోంది. నేను బానెట్ ఎత్తి గొట్టాలన్నీ తడిమాను, క్లిప్పులన్నీ మళ్ళీ బిగించాను. వెనక మేనేజరు గారు షెడ్డులో ఉన్న ఉస్తాద్‌కి ఫోను చేసి, "మీ ఇంజనీరమ్మ నిర్వాకం వచ్చి చూసుకోండి," అంటున్నారు. నా ఉద్యోగం పోతే భీమవరం బస్సు ఉంది. ఉస్తాద్ పేరు పోతే ఆయనెక్కడికి వెళతారు? ఆయన స్కూటరు వచ్చేలోపు ఆ బానెట్ కిందే దాక్కోవాలనిపించింది.

ఉస్తాద్ వచ్చారు. బానెట్ వైపు చూడనేలేదు. కారు ముందు గొంతుక్కూర్చుని, జాలీలోకి వేలు పెట్టి గుడ్డను మెల్లగా లాగారు. "గిదెవరు కట్టిండ్రు?" కెమెరా అసిస్టెంటు ఆకాశంలోకి చూశాడు. నాకు ఒక్కసారిగా అర్థమైంది. చల్లార్చే పెట్టె ముక్కు నేనే మూశాను! నాలుగేళ్ళు చదివిన చదువు నోట్లో ఎండిపోయింది. "నేనే..." అనబోతుండగా ఆయన లేచి మేనేజరు గారితో, "నేనే కట్టుమన్న సార్. గల్తీ నాది," అన్నారు.

"మీరు షేక్‌పేటలో ఉన్నారు కదండీ!" అన్నారు మేనేజరు గారు.

"ఫోన్ల చెప్పిన. ముందుగాల ఆ ఫ్యాను గిటు తిప్పుండ్రి."

హీరోయిన్ జుట్టు ఎగరేసే పెద్ద ఫ్యాను అది. కారు ముక్కుకేసి తిప్పారు. (హీరోయిన్ గారి జుట్టు భుజాల మీద వాలిపోయింది. ఆవిడ నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను.) పావుగంటలో కారు చల్లబడింది. ఆ తర్వాత వరసగా ఐదు టేకులు, ఎక్కడా దమ్ము తగ్గలేదు. పన్నెండుకి ఐదు నిమిషాలుండగా షాట్ ఓకే అయింది. మెరుపు సంగతేమిటని అసిస్టెంటు నసిగితే, డైరెక్టరు గారు మానిటర్లోకి చూసి, "మెరిస్తేనే రిచ్‌గా ఉందయ్యా," అన్నారు.

తిరుగు దారిలో స్కూటరు వెనక కూర్చుని ఏడ్చాను. "ఎందుకు అబద్ధం చెప్పారు?" అంటే, "నాది పాత పేరు బిడ్డా, ఒక దెబ్బ తట్టుకుంటది. నీదింకా కొత్తది," అన్నారు.

ఇప్పుడు ఆ షెడ్డు నేనే చూసుకుంటున్నాను. జూబ్లీహిల్స్ కుర్రాళ్ళు వచ్చి, పెద్ద ఇంటర్‌కూలర్ వేయిస్తే లాభముందా అని అడుగుతారు. ఎండలో వరసపెట్టి తోలితే ఉంది, చెక్‌పోస్టు సిగ్నల్ దగ్గర నిలబడితే పెద్దదీ చిన్నదీ ఒకటే, అంటాను. కొందరికి నచ్చక వెళ్ళిపోతారు. నా పాత కుక్కరు గుర్తొచ్చి వాళ్ళమీద కోపం రాదు. తాళాలు అప్పగించిన రోజు ఉస్తాద్ తన పనిముట్ల పెట్టె కూడా ఇచ్చారు. అడుగున ఉతికి మడతపెట్టిన నల్ల గుడ్డ కనబడింది. సిగ్గుతో చచ్చిపోయి, "ఇంకా దాచారా?" అన్నాను.

"నీ సర్టిఫికెట్ బిడ్డా. ఖరాబు గాకుండ దాసిన."

కాలేజీవాళ్ళిచ్చింది ఎక్కడుందో వెతకాలి. ఇది మాత్రం పెట్టెలోనే ఉంది.