ఒక్క మాట సెప్పనా?

టెక్కలి కాలేజీలో పాఠాలు చెప్పే ఆ మేడమ్‌కి ప్రతి మీటింగు చివరా చెయ్యెత్తడం అలవాటు. "ఒక్క మాట సెప్పనా?" అనేవారు. విదేశీ చదువులకు వెళ్లే పిల్లలకు దారి చూపే అధ్యాపకుల సంఘంలో, జీతం లేకుండా పనిచేసే స్కాలర్‌షిప్ కమిటీ మాది. ఆన్‌లైన్ మీటింగులు నడిపేది నేను. నాదీ ఆ పక్కనున్న పలాసే, కానీ నా యాసను హైదరాబాద్‌లో ఎప్పుడో వదిలించుకున్నాను.

దరఖాస్తు ఫారం ఖరారు చేసే రోజు ఆవిడ నోరు తెరవగానే ఆ యాసకి ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ మైకు ఆపేశాను.

సాయంత్రం ఆవిడే ఫోన్ చేశారు. "మా ఊరి నెట్టు ఇంతే బాబూ. ఫారంలో కిడ్నీ రిపోర్టు అడిగితే, ఏటి బయటపడతాదో అని, ఇంటింటా కిడ్నీ జబ్బున్న మా ఉద్దానం పిల్లలు దరకాస్తే ఎట్టరు. ఆ మాట మీకు ఇనిపించిందా?"

"వినిపించింది మేడమ్, రాసుకున్నాం" అన్నాను. ఫారంలో కిడ్నీ రిపోర్టు గడి అలాగే ఉండిపోయింది.

తర్వాతి మీటింగుకి ఆవిడ మంచి నెట్టు కోసం బస్సెక్కి పలాస వచ్చి, బంధువుల జీడిపప్పు ఫ్యాక్టరీలో కూర్చున్నారు. చివర్లో చెయ్యెత్తలేదు. ఏమైనా చెప్తారా అని నేనే అడిగాను.

"నేదు బాబూ. నా మాట మీరు రాసుకున్నారు గదా."