సడలే దాకా

ఈ ఉదయం ఆలూరు దగ్గరి ఒక ఊళ్లో, నెలలు నిండిన గర్భిణిని చూడటానికి వెళ్లాను. దొడ్డిలో ఆమె భర్త గేదె పాలు పితుకుతున్నాడు. ఖాళీ చెంబులో పాలధార పడే చప్పుడుకు తల తిప్పితే, గోడ గూట్లో చిన్న సీసా, పక్కన సూది కనిపించాయి. సుభద్రమ్మగారు పోయి నాలుగేళ్లయింది. అలాంటి సీసా చూసినప్పుడల్లా ఆవిడ చేయి నా చేతి మీద పడినట్లే ఉంటుంది.

ఆవిడ మా ఆరోగ్య ఉపకేంద్రం నర్సు. నేను పదో తరగతితో చదువు ఆపేసిన ఆశా కార్యకర్తను. ఆ లోటంతా శాఖా గ్రంథాలయంలో తీర్చుకునేదాన్ని. గర్భసంచి కండరాన్ని ప్రొజెస్టరాన్ నెలల తరబడి జోకొట్టి ఉంచుతుందనీ, చివరి రోజుల్లో ఈస్ట్రోజన్ దాన్ని మేల్కొలుపుతుందనీ, అప్పుడు ఆక్సిటోసిన్ తగిలితే అది ముడుచుకుంటుందనీ గడగడా చెప్పేదాన్ని. "ఏమ్మా లైబ్రరీ, ఈ పొద్దు ఏం పాఠం చదివొస్తివి?" అని నవ్వేవారు. అంతా విని, గర్భిణి కడుపు మీద నా చేయి పెట్టించి, "గట్టిపడేది ఎవురికైనా తెలుస్తాది. సడిలేది చూడు" అనేవారు. నాకు విసుగు పుట్టేది. గట్టిపడటం గురించి పుస్తకంలో పేజీలకు పేజీలుండేవి. సడలడం గురించి ఒకటి రెండు వాక్యాలే.

ఆ రోజుల్లోనే మా ఊరి తిప్పమ్మ కోడలు లక్ష్మికి తొలి కాన్పు. నెలలు నిండినా నొప్పులు రాలేదు. నేను వాళ్లింటికి వెళ్లిన మర్నాటి సాయంత్రం మూలా నక్షత్రం వస్తుంది. ఆ నక్షత్రంలో బిడ్డ పుడితే ఇంటికి కీడని తిప్పమ్మ భయం.

"నొప్పులొచ్చేకి ఏందో సూది ఉంటాదంట గదా, ఆశమ్మా?"

"ఉంటాది పెద్దమ్మా. మీ ఎనుముకు పాలు దిగేకి ఏస్తారే, ఆ మందే."

"రెండూ ఒకటేనా?"

"ఒకటే" అన్నాను. రెండు వేర్వేరు పుస్తకాల్లో చదివి ఆ సంగతి నాకు నేనే కలుపుకున్నాను. ఆ గర్వం నా గొంతులో ఆమెకు వినిపించే ఉంటుంది.

మర్నాడు మధ్యాహ్నం కబురొచ్చింది. మేమిద్దరం వెళ్లేసరికి లక్ష్మి మాట్లాడే స్థితిలో లేదు. సుభద్రమ్మగారు కడుపు మీద చేయి పెట్టి చాలాసేపు ఉంచారు. "సడలల్యా" అన్నారు మెల్లగా. గొట్టం పెట్టి బిడ్డ గుండె విన్నారు. చోటు మార్చి మళ్లీ విన్నారు.

"సూది ఎవురేసిరి?"

లక్ష్మి భర్త ఈరన్న నేల చూశాడు. తిప్పమ్మే చెప్పింది: "దినామూ ఎనుముకు ఏసే చేయే గదమ్మా వానిది. రెండూ ఒకటే అని నీ ఆశమ్మే చెప్పె."

సుభద్రమ్మగారు నా వైపు చూడలేదు. "బండి పిలువు" అన్నారు. పెద్దాసుపత్రి దాకా ఆవిడ చేయి ఆ కడుపు మీదే ఉంది. లక్ష్మి బతికింది. మగబిడ్డ. ఏడవలేదు.

వారం తర్వాత ఆవిడతో, "నేను అబద్ధం చెప్పలేదక్కా" అన్నాను.

"చెప్పల్యా. సగం చెప్తివి. సంచి ముడుచుకున్నప్పుడు బిడ్డకు నెత్తురు తగ్గుతాది, సడిలితేనే మళ్లా అందేది. అందుకే ఆస్పత్రిలో ఆ మందు చుక్కచుక్క ఎక్కిస్తా, చూసుకుంటా ఉంటారు. ఆ సగం యాడ పెడ్తివి? పా, ఆ ఇంటికే పోయి చెప్పు."

వెళ్లాం. లక్ష్మి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. రవిక ముందంతా తడిసి ఉంది.

"పాలు ఆగకుండా వస్తాండాయి, ఆశమ్మా. దీనికి గూడా ఆ మందేనా?"

ఒంట్లో పుట్టే ఆక్సిటోసినే తల్లి పాలనూ దించుతుంది. ఆ జవాబు నాకు తెలుసు. తెలిసింది చెప్పకుండా నోరు మూసుకోవడం నా జీవితంలో అదే మొదటిసారి. సుభద్రమ్మగారు ఆమె పక్కన నేల మీద కూర్చుని, పొడిబట్ట అడిగి తీసుకుని, తానే తుడిచారు. ఆ తర్వాత నా వైపు చూశారు. నేను రెండో సగం చెప్పాను.

ఈ ఉదయం ఆ సీసా చూపించి అడిగితే, "అది ఎనుముకులే అక్కా" అన్నాడు ఆ భర్త.

"తెలుసప్పా. ఎనుముకు గూడా వద్దు. ఇట్లా వచ్చి కూర్చో."

అతని భార్య కడుపు మీద చేయి పెట్టాను. ఒకసారి గట్టిపడింది. ఇద్దరూ నా ముఖంలోకి చూశారు. అది మెత్తబడే దాకా నేను నోరు తెరవలేదు.